కొండయు చెరువును

రేణిగుంట నుండి కడపకు పోవు రైలుబండిలో కూర్చుండి కిటికీ నుండి చూచినచో, దారి పొడవునను కొండలు మనతోడ కదలి వచ్చుచున్నట్లే తోచును. కోడూరు, రాజంపేట, నందలూరు దాటిన పిమ్మట ఒంటిమిట్ట అను చిన్న స్టేషను వచ్చును. అచ్చట దిగి నలుదెసల చూచిన ప్రయాణికునికి మూడు వస్తువులు ముందుగా కంటబడును: ఆకసమున కెగసిన గోపురము, ఊరి చెంతనే విశాలమైన చెరువు, దూరమున వరుసలు తీరిన కొండలు.

గోపురము శ్రీ కోదండరామస్వామి ఆలయమునకు చెందినది. ఆ గర్భాలయమున సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలయందు మలచబడినవి. కావుననే ఈ ఊరికి ఏకశిలానగరమను పేరు వచ్చినది. 1652లో ఈ దారిని పయనించిన టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు ఈ గుడిని చూచి మెచ్చుకొనెను. కాలక్రమమున శిథిలమైన ఆలయమును ఉద్ధరించుటకై, ‘ఆంధ్ర వాల్మీకి’ యని పేరొందిన వావిలికొలను సుబ్బారావుగారు (1863–1936) టెంకాయచిప్ప చేతబట్టి యింటింట భిక్షమెత్తిరి. రాష్ట్రవిభజన జరిగిన తరువాత, 2015 నుండి శ్రీరామనవమి ఉత్సవములు ప్రభుత్వపక్షమున ఇచ్చటనే జరుగుచున్నవి.

గుడిని గూర్చి పెద్దలు మీకు చెప్పియే యుందురు. ఈ పాఠమున మనము కొండను గూర్చియు, చెరువును గూర్చియు తెలిసికొందము. ఈ రెంటికిని గల సంబంధమును గ్రహించినగాని, వానలు తక్కువగా కురియు ఈ సీమలో మన పూర్వులు ఎట్లు జీవించిరో, మనము ఇకపై ఎట్లు జీవింపవలయునో తెలియదు.

ముందుగా కొండల మాట. కడప జిల్లాను నలువైపుల కొండలే చుట్టి యున్నవి. నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలము, వెలికొండలు అని వానికి పేర్లు. ఇవి అన్నియు తూర్పుకనుమలలోని శాఖలే. చాలవరకు ఇవి సముద్రమట్టమునకు వేయి మీటర్ల యెత్తునకు మించవు. హిమాలయములను తలచుకొన్నచో ఇవి మరుగుజ్జులే. కాని వయస్సులో హిమాలయములు వీని ముందు పసిపాపలు. హిమాలయములు పైకి లేచుట మొదలుపెట్టి సుమారు ఐదుకోట్ల సంవత్సరములు మాత్రమే అయినది. కడప సీమలోని రాళ్లలో మిక్కిలి ప్రాచీనమైనవి 180 కోట్ల సంవత్సరములకు పూర్వమే ఏర్పడినవి.

ఆ కాలమున ఇచ్చట కొండలు లేవు. లోతు తక్కువ సముద్రమొకటి ఉండెను. నదులు మోసికొని వచ్చిన ఇసుకయు, బురదయు, సున్నమును ఆ సముద్రగర్భమున పొరలు పొరలుగా పేరుకొని, తమ బరువుచేతను భూమి వేడిమిచేతను గట్టిపడి రాళ్లయ్యెను. పిదప భూమిలోని ఒత్తిడి వలన ఆ పొరలు మడతలుపడి పైకి లేచెను. మెత్తని పొరలను వానయు గాలియు కోసివేయగా, గట్టి పొరలు కొండలై నిలిచినవి. నెలవంక ఆకారమున సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఈ శిలాసముదాయమును భూగర్భశాస్త్రజ్ఞులు ‘కడప బేసిన్’ అని పిలుతురు. మన యిండ్లలో నేలకును, వంటయింటి అరుగులకును పరచు నల్లని కడప బండలు ఆ ప్రాచీన సముద్రపు అడుగుపొరలే. కోడూరునకు సమీపమున మంగంపేటలో త్రవ్వు ముగ్గురాయియు ఈ శిలలలోనిదే. ప్రపంచమునందలి గొప్ప ముగ్గురాతి నిక్షేపములలో అది యొకటి. కొన్ని సున్నపురాళ్లలో, ఆ నీటియందు జీవించిన సూక్ష్మజీవులు కట్టిన సన్నని పొరలు నేటికిని కనబడును. వంటయింటి బండపై చేయివేసినప్పుడు మనము ఒకనాటి కడలి అడుగును తాకుచున్నామన్నమాట.

ఇక వాన మాట. కడప జిల్లాలో ఏటికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియును. జూన్ నెలలో అరేబియా సముద్రము నుండి వచ్చు నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను ఎక్కునప్పుడే తమ నీటిలో చాలభాగము అచ్చట విడిచివేయును. కనుమలకు ఇవతల నున్న రాయలసీమకు చేరునప్పటికి ఆ మేఘములు అలసిపోవును. అక్టోబరు నెల మొదలుకొని బంగాళాఖాతము నుండి వచ్చు ఈశాన్య ఋతుపవనములును, వాయుగుండములును మిగిలిన వానను తెచ్చును. ఏటిలో వాన కురియు దినములు కొలదియే. వచ్చినప్పుడు కుండపోతగా వచ్చును; రానప్పుడు నెలల తరబడి రాదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. కొండరాళ్లు నిప్పులవలె కాలును. వాన తప్పిన యేడు కరవు తప్పదు. 1876లో మొదలైన ‘ధాత కరవు’ను గూర్చి రాయలసీమ పల్లెలలో తరతరములుగా చెప్పుకొనుట వినుచుందుము. అప్పుడు ధాతృనామ సంవత్సరము. కావుననే ఆ కరవునకు ఆ పేరు వచ్చినది. ఆ కరవున లెక్కలేనంతమంది ఆకలిచేతను, రోగములచేతను ప్రాణములు గోల్పోయిరి.

అయినను మీరొక చిన్న లెక్క వేసి చూడుడు. ఒక ఎకరము నేలపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో, ఆ నేలపై నలువదివేల లీటర్లకు మించిన నీరు పడినట్లు. ఏటికి 70 సెంటీమీటర్లు కురిసినచో, ఒక్క ఎకరముపైననే ఇరువదియెనిమిది లక్షల లీటర్ల నీరు పడినట్లు! ఇది తక్కువ నీరు కాదు. కాని ఆ నీరు కొన్ని దినములలోనే పడి, నిటారుగా నున్న కొండవాలుల మీదుగా వంకలలోనికి, వంకల నుండి ఏటిలోనికి, ఏటి నుండి పెన్నకును, పెన్న నుండి కడలికిని పారిపోవును. కావున ఇచ్చటి కష్టము వాన కురియకపోవుటలో కంటె, కురిసిన నీరు నిలువకపోవుటలోనే హెచ్చుగా నున్నది.

ఈ మాట బాగుగా బోధపడుటకై, మన సీమను వేరొక కొండసీమతో పోల్చి చూతము. ఆసియాఖండపు నడిబొడ్డున కిర్గిజ్‌స్తాన్ అను దేశము కలదు. సోవియట్ యూనియన్‌లో భాగమైయుండి 1991లో స్వతంత్రమైనది. దాని విస్తీర్ణము సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు. అనగా మన ఆంధ్రప్రదేశము కంటె కొంత పెద్దది. జనసంఖ్య డెబ్బది లక్షలకు అటునిటు. ఆ దేశమున పదింట తొమ్మిది వంతులు కొండలే. తియాన్ షాన్ అను పర్వతపంక్తి దానిని నిండ ఆక్రమించి యున్నది. ఆ పేరునకు ‘స్వర్గపర్వతములు’ అని అర్థము. వానిలో మిక్కిలి ఎత్తైన శిఖరము 7,439 మీటర్లు. మన కొండలను ఏడింటిని ఒకదానిపై నొకటి పేర్చినగాని ఆ యెత్తునకు చాలవు.

ఆ కొండలకును మన నేలకును ఒక చుట్టరికము కలదు. మనము నివసించు ఈ దక్షిణాపథము ఒకప్పుడు వేరొక భూఖండముతో కలిసియుండి, దాని నుండి విడివడి, కోట్ల సంవత్సరములు ఉత్తరముగా జరిగి ఆసియాఖండమును ఢీకొన్నది. ఆ త్రోపిడి వలన హిమాలయములు లేచినవి. వాని కావల నున్న తియాన్ షాన్ పూర్వమే పుట్టి అరిగిపోయియుండగా, ఈ ఒత్తిడి అంతదూరము ప్రాకి దానిని మరల పైకి లేపినది. అనగా ఒంటిమిట్ట నిలిచియున్న ఈ ప్రాత నేలయే వారి మంచుకొండలను పైకెత్తిన భుజములలో ఒకటి యని చెప్పవచ్చును.

ఆ దేశమును గూర్చి మన చరిత్రకును తెలియును. ఏడవ శతాబ్దమున చీనాదేశము నుండి భారతదేశమునకు వచ్చిన హ్యుయాన్‌త్సాంగ్ అను బౌద్ధయాత్రికుడు ఆ మంచుకనుమలను దాటి, ఇస్సిక్ కుల్ అను సరస్సు ప్రక్కగా పోయెను. తరువాత అతడే మన ఆంధ్రదేశమునకును వచ్చి, వేంగిని, ధాన్యకటకమును గూర్చి వ్రాసెను. ఇస్సిక్ కుల్ అనగా ‘వెచ్చని సరస్సు’ అని అర్థము. అది 1,607 మీటర్ల ఎత్తున నున్నను, దాని లోతు 668 మీటర్లగుటచేతను, నీటిలో కొలదిగా ఉప్పు ఉండుటచేతను శీతకాలమున కూడ గడ్డకట్టదు. అనేకములైన యేరులు దానిలోనికి వచ్చి కలియును గాని, ఒక్క యేరైనను దాని నుండి వెలికి పోదు.

కిర్గిజ్‌స్తాన్‌కు సముద్రము బహుదూరము. కావున అచ్చటి లోయలలో అనేకములు మన సీమవలెనే పొడినేలలు. అయినను అచ్చటి రైతునకు వేసవిలో నీరు దొరకును. ఎట్లన, శీతకాలమున కురిసిన మంచు కొండలపై గడ్డకట్టి నిలిచిపోవును. వేసవిలో ఎండ ముదిరినకొలది ఆ మంచు కరిగి ఏరులై పారును. పైరునకు నీరు ఎప్పుడు కావలయునో అప్పుడే కొండ నీటిని విడుచును. పశువుల కాపరులు గొఱ్ఱెలను, గుఱ్ఱములను తోలుకొని ఎత్తైన పచ్చికబయళ్లకు పోయి, ఉన్ని గుడారములలో వేసవిని గడపుదురు. మంచుగడ్డయే వారికి చెరువు. దానిని ఎవరును త్రవ్వలేదు, ఎవరును కట్టలేదు.

మన కొండలకు మంచు లేదు. పడిన నీరు పడినట్లే జారిపోవును. ప్రకృతి వారికి ఇచ్చిన చెరువును మనకు ఇయ్యలేదు గనుక, మన పూర్వులు దానిని తమ చేతులతో కట్టుకొనిరి. ఒంటిమిట్ట చెరువు అట్టి చెరువులలో నొకటి.

ఈ చెరువు పుట్టుకను గూర్చి ఆ ప్రాంతమున ఒక కథ చెప్పుకొందురు. పూర్వము కంపరాయలు అను ప్రభువు ఈ అడవిలోనికి వేటకు వచ్చి, దప్పిచే బాధపడుచుండెనట. ఒంటుడు, మిట్టుడు అను ఇద్దరు బోయలు ఆ సమయమున నీరు తెచ్చి యిచ్చి అతని ప్రాణము నిలిపిరట. ప్రభువు సంతోషించి వరము కోరుకొమ్మనగా, వారు తమకై ఏమియు కోరక, స్వామికి గుడియు ఊరికి చెరువును కావలయునని వేడిరట. వారి పేర్లే ఊరికి పేరయ్యెనని కొందరందురు. ఒంటిగా నున్న మిట్టనేల గనుక ఒంటిమిట్ట అయ్యెనని మరికొందరందురు. ఈ రెండింటిలో ఏది సరియైనను, కథ దప్పితో మొదలై చెరువుతో ముగియుటను గమనింపుడు. ఈ సీమ ప్రజల మనస్సులో నీటికి గల స్థానమును ఆ కథ చక్కగా చూపుచున్నది.

చెరువు కట్టుట సామాన్యమైన పనియని తలపరాదు. కడప జిల్లాలోనే పోరుమామిళ్ల అను ఊరి చెరువుకడ 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. రోజునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా, రెండేండ్లకు ఆ చెరువు పూర్తియైనదని శాసనము తెలుపుచున్నది. అంతటితో నూరకుండక, మంచి చెరువునకు పండ్రెండు అంగములును, చెడ్డ చెరువునకు ఆరు దోషములును ఉండునని అందు చెప్పబడినది.

ఆ పండ్రెండు అంగములలో కొన్నింటిని చూడుడు. ధర్మబుద్ధి గల ప్రభువు ఉండవలెను. జలశాస్త్రము తెలిసిన పండితుడు ఉండవలెను. నేల గట్టి బంకమన్ను గలదై యుండవలెను. దూరము నుండి తియ్యని నీటిని తెచ్చు ఏరు ఉండవలెను. రెండు కొండల నడుమ, మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట ఉండవలెను. చెరువు గర్భము విశాలముగను లోతుగను ఉండవలెను. సమీపముననే నిడుపైన రాళ్లు దొరకు గని ఉండవలెను. దిగువ పొలములు సమతలమై సారవంతములై యుండవలెను. నేర్పరులైన పనివాండ్రు ఉండవలెను. ఇక దోషములందురా? కట్ట నుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై పారవలసిన పొలము అధికమగుట, చోటు కొంచెమై వచ్చు నీరు అధికమగుట. ఆరువందల యేండ్లకు పూర్వము వ్రాసిన ఈ మాటలలో ఒక్కటియైనను నేటి యింజనీరు త్రోసిపుచ్చదగినది లేదు. రెండు రాజ్యముల సరిహద్దున చెరువు కట్టరాదనుటలో గల లోకానుభవమును తలచి చూడుడు. నీటికై తగవులు వచ్చునని వారు ముందే యెరిగిరి.

చెరువులో ముఖ్యభాగములు మూడు. నీటిని ఆపునది కట్ట. పొలములకు నీటిని విడుచునది తూము. చెరువు నిండిన పిమ్మట మిగులు నీటిని వెలికి పంపునది మరవ; దీనినే కొన్నిచోట్ల అలుగనియు, కలుజు అనియు అందురు. పై చెరువు మరవ పారినచో ఆ నీరు వృథాగా పోక దిగువ చెరువును చేరును. అది నిండిన పిమ్మట ఆ దిగువదానికి పోవును. ఇట్లు దండలోని పూసలవలె ఏర్పడిన చెరువులను గొలుసుకట్టు చెరువులందురు. చెరువు నిండియున్న యేడు, దాని నీరు నేలలోనికి ఇంకి చుట్టుపట్ల బావులలో ఊట పెరుగును. తూము నుండి నీరు పొందని రైతునకు కూడ బావి మూలమున చెరువు మేలు చేయును.

కట్టిన చెరువును కాపాడుటకును పూర్వులు ఏర్పాట్లు చేసిరి. చెరువును బాగుచేయు వారికి దశబంధ మాన్యములని పేర కొంత భూమిని ఇచ్చుచుండిరి. ఏ పొలమునకు ఎంత నీరు, ఎప్పుడు విడువవలెనో చూచుటకు నీరుగంటి యుండెను. అతడు తూము తెరచినగాని ఎంతటి పెద్దరైతైనను నీరు పెట్టుకొనరాదు. వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతులు బండ్లు కట్టి, అడుగున పేరుకొన్న ఒండ్రుమన్నును త్రవ్వి పొలములకు తోలుకొనుచుండిరి. దానివలన చెరువు లోతగుచుండెను. పొలమునకు ఎరువు దొరకుచుండెను.

కాలము మారెను. బోరుబావులు వచ్చెను. మీట నొక్కినంతనే నీరు వచ్చుచుండగా చెరువుతో పనియేమని జనులు తలచిరి. పూడిక తీయుట మానిరి. కొండ నుండి చెరువునకు నీరు తెచ్చు వంకలు ముండ్లపొదలతో పూడిపోయెను. కొన్నిచోట్ల అవి పొలములలోను, ఇండ్లస్థలములలోను కలిసిపోయెను. కాని బోరుబావి నీటిని పుట్టింపదు. పూర్వము ఇంకిన నీటిని పైకి తోడును, అంతియే. ఇంకించు చెరువు ఎండినచో తోడు బావియు ఎండక తప్పదు. అప్పుడు రైతు మరింత లోతునకు పోవును, అప్పు చేయును, అచ్చటను నీరు పడనిచో ఆ సంసారము చితికిపోవును. రాయలసీమలో ఎన్నియో కుటుంబములు ఈ విధముగా కష్టముల పాలైనవి.

నీరు లేనప్పుడే కాక, ఒక్కుమ్మడిగా వచ్చినప్పుడును ఈ కొండసీమకు ప్రమాదము కలదు. ఒంటిమిట్టకు దక్షిణమున చెయ్యేరు ప్రవహించుచున్నది. బాహుదా, పింఛా మొదలగు ఏరుల కలయికచే ఏర్పడి, నందలూరు మీదుగా పోయి పెన్నలో కలియు నది అది. వేసవిలో చూచినచో ఇసుకయే కాని నీరు కానరాదు. అట్టి యేరు 2021 నవంబరు 19వ తేదీన వాయుగుండపు వానలకు ఉప్పొంగెను. మొదట ఎగువనున్న పింఛా జలాశయపు కట్ట తెగెను. ఆ నీరంతయు వచ్చిపడగా రాజంపేట సమీపమున నున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకొనిపోయెను. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మొదలగు గ్రామములపై వరద విరుచుకొనిపడెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు కూలెను, పశువులు కొట్టుకొనిపోయెను, పంటపొలములపై ఇసుక మేటలు వేసెను. చోటు కొంచెమై నీరు అధికమగుట దోషమని పోరుమామిళ్ల శాసనము చెప్పిన మాటను మనమిచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

కిర్గిజ్‌స్తాన్‌లో కూడ ఇప్పుడు చింత మొదలైనది. భూమి వేడెక్కుచుండుటచే ఆ మంచుగడ్డలు ఏటేట తరుగుచున్నవి. ఆ దేశమున పుట్టిన నరీన్ నది మరొక నదితో కలిసి సిర్ దర్యా యను పేరుతో ఆరల్ సముద్రమునకు పోవును. 1960 తరువాత దాని నీటిని పత్తిపొలములకు అమితముగా మళ్లించుటచే, ఒకనాడు లోకమునందలి పెద్ద సరస్సులలో నొకటియైన ఆరల్ చాలవరకు ఎండిపోయినది. ఓడలు తిరిగిన చోట ఇసుక ఎగురుచున్నది. అయినను 2005లో కజకిస్తాన్ ప్రభుత్వము ఒక అడ్డుకట్ట కట్టించుటచే ఉత్తరభాగమున కొంత నీరు మరల నిలిచినది. చేపలును తిరిగి వచ్చినవి. చెడిన దానిని కొంతవరకైనను బాగుచేసికొనవచ్చునని ఇందువలన తెలియుచున్నది.

కొండకును చెరువునకును నడుమ మరియొక సంరక్షకుడు కలడు. అది అడవి. వానచినుకు బట్టకొండపై పడినచో మన్నును కోసికొని పరుగెత్తును. ఆ మన్నే చెరువులో పూడికయగును. అదే చినుకు చెట్టుపై పడినచో ఆకు మీదికి, కొమ్మ మీదికి, అడుగున పరచుకొన్న ఎండుటాకుల మీదికి జారి, మెల్లగా నేలలోనికి ఇంకును. వాన వెలిసిన పిమ్మట కొన్ని వారములు కొండవంకలలో సన్నని ధార పారుచున్నదనిన, అది అడవి పెట్టిన భిక్షయే.

ఆ అడవిలో లోకమున మరెచ్చటను సహజముగా పెరుగని వృక్షమొకటి కలదు. అదియే ఎర్రచందనము. తూర్పుకనుమల దక్షిణభాగమున, ముఖ్యముగా కడప, తిరుపతి ప్రాంతముల కొండలలో, రాళ్లనేలలో, కొలది వానతో ఇది పెరుగును. దాని చేవ రక్తవర్ణము. నీట వేసినచో మునుగునంత బరువు. చేవ ముదురుటకు దశాబ్దములు పట్టును. తిరుపతిలో అమ్ము ఎర్రని కొయ్యబొమ్మలు దీనితోనే చేయుదురు. దీని వెల అధికమగుటచే దొంగలు రాత్రివేళ అడవిలో చొరబడి నరికి దాటించుచున్నారు. 1995 నుండి అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము దీని వ్యాపారముపై కట్టుబాట్లు కలవు. 2010లో శేషాచలపు కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా ప్రకటించిరి. అయినను కాపలా ఒక్కటియే చాలదు. ఒక దుంగ పోయినచో ధనము పోయినదని మాత్రమే తలపక, కొండ నీటిని పట్టియుంచు వేరు పోయినదని తలపవలెను.

ఈ కొండల పాదములనున్న ముళ్లపొదలలో కలివికోడి యను పక్షి యొకటి కలదు. 1848లో జెర్డాన్ అను ఆంగ్లేయ వైద్యుడు దీనిని మొదట గుర్తించెను. 1900 తరువాత అది ఎవరి కంటను పడలేదు. అంతరించిపోయినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. కాని 1986 జనవరిలో కడప జిల్లాలోని రెడ్డిపల్లె సమీపమున, స్థానికుడైన ఒక వేటగాని సాయముతో అది మరల కనుగొనబడెను. గొప్ప గొప్ప గ్రంథములు లేదన్న పక్షి, అడవి నెరిగిన పల్లెవానికి తెలిసియే యుండెను. దాని రక్షణకై 1988లో లంకమల అభయారణ్యము ఏర్పడినది. పనికిరాని ముళ్లకంపయని మనము నరికివేయు చోట, లోకమున మరెచ్చటను లేని ప్రాణి యొకటి తలదాచుకొని యుండవచ్చునని దీనివలన గ్రహింపవలెను.

బాలలారా! కొండ, అడవి, వంక, చెరువు, బావి, పొలము అనునవి వేరువేరు వస్తువులు కావు. ఒకే నీరు ఒకదాని నుండి మరియొకదానికి నడచిపోవుచున్నది. నడుమ ఎచ్చట తెగినను చివరనున్న పొలము ఎండును. మీ ఊరిలోను ఒక చెరువో, కుంటయో ఉండియే యుండును. ఒకనాడు దాని కట్టపైకి పోయి నిలువుడు. దానికి నీరు ఏ వంక గుండ వచ్చునో పెద్దల నడిగి, ఆ వంక వెంట నడచి చూడుడు. తూము ఎచ్చట, మరవ ఎచ్చట యని గుర్తింపుడు. వంకలో చెత్త వేయువారున్నచో వినయముతో వారింపుడు. కట్టపై బొరియలు కానవచ్చినచో పెద్దలకు తెలుపుడు. ఇవి చిన్నపనులు; కాని చిన్నబొరియ నుండియే పెద్దకట్ట తెగును.

వానలు కురిసి ఒంటిమిట్ట చెరువు నిండిన యేడు, సాయంసమయమున కట్టపై నిలిచి చూచినచో, ఎర్రబారిన కొండలు తలక్రిందులుగా నీటిలో తోచును. కట్టక్రింది మళ్లలో వరినాట్లు వేయు స్త్రీల మాటలు వినవచ్చుచుండును. ఆ చెరువును కట్టిన కూలివాండ్ర పేర్లు ఏ శాసనమునను లేవు. వారు మోసిన మట్టి మాత్రము నేటికిని నీటిని ఆపుచున్నది. ఆ మట్టిపై ఇంకొక తట్ట మట్టి వేయుట మన వంతు.

ప్రశ్నలు

1. కడప సీమలోని కొండలు ఎట్లు ఏర్పడినవో వివరింపుము.
2. రాయలసీమలో వాన తక్కువగా కురియుటకు కారణమేమి? కురిసిన నీరైనను నిలువకపోవుట ఎందువలన?
3. కిర్గిజ్‌స్తాన్ రైతునకు వేసవిలో నీరు ఎట్లు లభించును? ఒంటిమిట్ట రైతునకు ఎట్లు లభించును? పోల్చి వ్రాయుము.
4. పోరుమామిళ్ల శాసనములో చెప్పబడిన చెరువు దోషములేవి? వానిలో ఒకదానిని నీ అనుభవముతో సమర్థింపుము.
5. “బోరుబావి నీటిని పుట్టింపదు” అను మాట యొక్క భావమేమి?
6. మీ ఊరి చెరువును చూచి, దాని కట్ట, తూము, మరవ, వంకలను చూపు పటము గీయుము.